సముద్రం వేసిన రోజులు

"ఎలాగూ ఇంటికి రంగులేయిస్తున్నాం కదా, ఆ బొమ్మక్కూడా కాస్త నీలం అద్దెయ్యి. డ్రాయింగ్ టీచరువేగా" అన్నారు మావారు. గోడలకి పెయింటర్లు, బొమ్మకి నేను. స్కూల్లోనూ నా హోదా అంతే, వార్షికోత్సవం స్టేజీ వెనక కొబ్బరిచెట్లు వెయ్యాల్సి వచ్చినప్పుడే నా పేరు గుర్తొస్తుంది. కాదంటే నిలబడి వాదించాలి. నాకా ఓపిక లేదు. నెలన్నరగా రక్తస్రావం ఆగడం లేదు. ఆ మాట చెబితే "నలభై దాటేక అంతేలే" అన్నారు, పేపరులోంచి తలెత్తకుండా.

ఆ బొమ్మ వేసింది ఆయన మొదటి భార్య లక్ష్మీతులసి. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోటు. ఆవిడ జ్వరమొచ్చి పోయిందని నా పెళ్ళిచూపుల్లో చెప్పారు. పదమూడేళ్ళుగా ఆ బొమ్మ కిందే అన్నాలు వడ్డిస్తున్నాను. దుమ్ము తుడిచినప్పుడు కూడా తేరిపార చూడలేదు. నేను చూస్తే ఆవిడా నన్ను చూస్తుందేమోనని భయం.

ఇవాళ పెరటి అరుగు మీద వెలుతురులో పెట్టి, మొదటిసారి చూశాను. ముందు రంగే నన్ను పట్టేసింది. గోదారిలో వరదనీటి ఎరుపు, మధ్యమధ్య పసుపు చారలు. కొబ్బరాకుల్లో ఆకుపచ్చ తక్కువ, ఊదా ఎక్కువ. పొద్దువాలేక మన తోటలు నిజంగా అలాగే ఉంటాయి, మనకే చూసే తీరిక ఉండదు. తర్వాత కుంచె గీతలు వెతికాను. ఎడమవైపు గట్టు మీద ఒక్క మట్ట కూడా ఒక్క ఊపులో రాలేదు. సగంలో ఆగి, ఆ అంచు ఎండిపోయాక, దాని మీంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఇక్కడ కుక్కరు కూసి ఉంటుంది, ఇక్కడెవరో కాఫీ అడిగి ఉంటారు. నేను వేసేదీ అలాగే కాబట్టి నాకు ఇట్టే తెలిసిపోయింది. నదిలో మాత్రం అక్కడక్కడా జానెడేసి నీళ్ళు ఆగకుండా సాగాయి. ఇక కుడివైపు సముద్రమంతా తడి రంగులో తడి రంగు కలిసిపోయి, ఎక్కడా తెగని పొడుగాటి గీతలు. అసూయ కలిగింది నాకు. ఈ ఇంట్లో ఆవిడకి అంత తీరిక ఎవరిచ్చారు?

పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారిని అడిగాను.

"బయటున్నప్పుడు వేసుకునేదమ్మా" అన్నారు. నెలకి మూడు రోజులు ఈ అరుగు మీదే చాప వేసుకుని కూర్చునేదట. ఏదీ ముట్టుకోకూడదు కాబట్టి ఎవరూ ఏ పనికీ పిలిచేవారు కాదట. నేను కాపురానికొచ్చేసరికి అత్తగారి మోకాళ్ళు అరిగిపోయాయి. వంటకి మనిషి కావలసొచ్చి, ఆ ఆచారం ఊసే ఎవరూ ఎత్తలేదు.

"మూడు రోజుల్లో ఇంత సముద్రం వేసేసిందాండీ?"

అత్తగారి చేతులు ఆగిపోయాయి. "ఆ ఆఖరి నెల ఇరవై రోజులు బయటే ఉండిపోయింది గాయత్రీ. 'ఆగడం లేదండీ అత్తయ్యగారూ' అనేది. బొమ్మ పిచ్చిలో పడి, పని తప్పించుకోడానికి అబద్ధమాడుతోందనుకున్నాం. తన బట్టలు తనే ఉతుక్కునేది. మేమెవరం చూళ్ళేదమ్మా."

బొమ్మ వైపు తిరిగాను. కుడి అంచుకి వచ్చేసరికి గీతలు పలచబడ్డాయి, రంగు చాలక కింద గుడ్డ కనిపిస్తోంది. ఇందాక అది కెరటాల నురగ అనుకున్నాను, ఎంత నేర్పుగా వదిలేసిందో అని మెచ్చుకున్నాను కూడా. అక్కడ ఆవిడకి చెయ్యి లేవలేదు.

బొమ్మ అయిందా, పెయింటర్లకి టీ పెట్టవా అని లోపల్నుంచి మావారు కేకేశారు. నేను నీలం ట్యూబు మూత బిగించాను. అత్తగారు చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, తనే వంటింట్లోకి నడిచారు.

చీర మార్చుకుని, బ్యాగు తీసుకుని హాల్లోకి వచ్చాను.

"అమలాపురం ఆసుపత్రికి వెళుతున్నానండీ. ఆగడం లేదని నేను చెప్పింది నిజం. తులసి చెప్పిందీ నిజమే."