మూడోసారి అడిగేదాకా

మా ఆయన మలకీ ఇరవై ఆరేళ్లు బేకన్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. పందిమాంసానికి ఉప్పు పట్టించడంలో ఆయన చేతికి తిరుగులేదని ఊరంతా చెప్పుకునేది. కిందటేడు ఆ ఫ్యాక్టరీ మూసేశారు. అప్పట్నుంచి మలకీకి వారం వారం నిరుద్యోగ భృతి వస్తోంది. గురువారం పొద్దున్న పోస్టాఫీసులో వరసలో నిలబడి తీసుకోవాలి. ఆ రోజు మా మహానుభావుడు నున్నగా గడ్డం గీసుకుని, పెళ్లిళ్లకు వేసుకునే కోటు తొడుక్కుని మరీ వెళతాడు. వరసలో సగం మంది పాత ఫ్యాక్టరీ వాళ్లే. డబ్బు అందాక నలుగురూ ఎదురుగా ఉన్న పబ్బులో కూర్చుని తలా ఒక గ్లాసు నల్ల బీరు తాగి, దేశాన్ని ఎలా నడపాలో తేల్చేసి, భోజనం వేళకు ఇళ్లు చేరతారు.

ఆ భృతి పూర్తిగా రాదు. దానికి కారణం నేను. నేను వృద్ధాశ్రమం వంటింట్లో వారానికి మూడు రోజులు పనిచేస్తాను. పెళ్లాం సంపాదిస్తుంటే మొగుడి భృతికి కోత పడుతుంది. నా జీతంలో కొంత చూసీ చూడనట్టు వదిలేసి, మిగిలినదాంట్లో సగానికి పైగా లెక్కలోకి తీసుకుని, ఆ మేరకు ఆయనకిచ్చేది తగ్గిస్తారు. నేను ఒళ్లు వంచి ఎక్కువ బంగాళాదుంపలు చెక్కు తీసిన వారం మలకీ జేబు పలచబడుతుందన్నమాట. ఈ నియమం రాసినవాడు తప్పకుండా బ్రహ్మచారి అయ్యుంటాడు.

మార్చిలో మా పెద్ద వంటావిడ ఫిలమీనా రిటైరయింది. పన్నెండేళ్లు ఆవిడ చేతికింద చేశాను. ఆవిడ ఉడికించిన క్యాబేజీ గురించి నేనేం మాట్లాడను, వెళ్లిపోయిన మనిషిని అనడం బాగుండదు. కానీ ఆ వంటిల్లు నా చేతికొస్తే ఏం చేస్తానో నాకు ఎప్పట్నుంచో తెలుసు. సాయంత్రాలు ఆ ముసలివాళ్ల ముందు ఎండు బిస్కెట్లు పడెయ్యకుండా వంటసోడా వేసి కాల్చిన వేడివేడి సోడా రొట్టె, దాని మీద కరిగే వెన్న పెడతాను. పళ్లు లేనివాళ్ల తిండికి కూడా రుచి ఉండేలా చూస్తాను. ఆ ఉద్యోగం నాకు కావాలి. మలకీని తప్ప ఇంకదేన్నీ నేను అంత గట్టిగా కోరుకోలేదు.

ఒక మంగళవారం మేనేజరు ఇల్జే గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆవిడది లాట్వియా, ఇక్కడికొచ్చి ఏడు నెలలయింది. మంచి మనిషి, సూటి మనిషి. ఇకమీదట పెద్ద వంటావిడగా చేస్తారా, వారానికి ఐదు రోజులు రావాలి అని అడిగారు.

"అయ్యో, నేనా? వద్దులెండి," అన్నాను.

ఐర్లండులో, మా మూల ఎవరైనా అదే అంటారు. టీ తాగుతావా అంటే వద్దంటాం. మళ్లీ అడిగితే నీకెందుకు శ్రమ అంటాం. మూడోసారి అడిగితే సరే నీ తృప్తి కోసం అర కప్పు అని, కూర్చుని మూడు కప్పులు లాగిస్తాం. మొహమాటం మాకు ఉగ్గుపాలతోనే వస్తుంది. మొదటిసారే సరేనన్నవాళ్లను మా అమ్మ ఆశపోతులనేది. అందుకని వద్దనేసి, ఆవిడ మళ్లీ అడుగుతారని ఏప్రాను నలుపుకుంటూ నిలబడ్డాను. ఇల్జే గారు, సరే, వెంటనే చెప్పినందుకు థాంక్స్ అని కంప్యూటర్ వైపు తిరిగిపోయారు.

బుధవారం ఆ గది ముందు నుంచి అవసరం ఉన్నా లేకపోయినా ట్రే పట్టుకుని నాలుగుసార్లు నడిచాను. ఆవిడ తలెత్తి నవ్వారు, అంతే. నాకు ఆవిడ మీద ఒళ్లు మండింది, నా మీద ఇంకా మండింది. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు.

గురువారం మలకీ ఆలస్యంగా వచ్చాడు. బీరు వాసన లేదు. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"పెద్ద వంటావిడ ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నావట," అన్నాడు.

నాతో పనిచేసే కాన్‌సెప్టా పోస్టాఫీసు వరసలో చెప్పిందట. ఆ వరస ఉండగా ఈ ఊరికి రేడియో ఎందుకో నాకర్థం కాదు.

"నా భృతి పోతుందనేనా?" అని అడిగాడు.

ఉన్న మాట చెప్పాలంటే, ఆ వద్దనడంలో సగం మర్యాద. మిగతా సగం ఆ గురువారం కోటు. నా జీతం ఐదు రోజులదైతే మలకీకి వచ్చేది గుండుసున్నా. ఇరవై ఆరేళ్లు జీతం తెచ్చి నా చేతిలో పెట్టిన మనిషి ఒక గ్లాసు బీరు కోసం నన్ను అడగాల్సి వస్తుంది. ఆ ముఖం చూడాలంటే నాకు భయం వేసింది. అదే చెప్పాను.

మలకీ బల్ల మీది ఉప్పు డబ్బాను పక్కకు జరిపాడు.

"నేను భృతి ఆఫీసుకు వెళ్లొచ్చాను. సోమవారం నుంచి మా ఆవిడది పూర్తి ఉద్యోగం అని రాసిచ్చేశాను. ఇంక నాకేం రాదు," అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎవరు రాసిమ్మన్నారయ్యా నిన్ను? ఆ ఉద్యోగం నాకెక్కడుంది? నేను వద్దన్నాను, ఆవిడ సరేనంది."

"మళ్లీ అడగలేదా?"

"ఒక్కసారే అడిగింది."

మలకీ నోరెళ్లబెట్టాడు. "ఒక్కసారే? ఇదెక్కడి పద్ధతి," అన్నాడు. కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు. "చూడు డింప్నా. భృతి పోతే నాకేం సిగ్గు లేదు. నా మూలంగా నువ్వు ఆగిపోయావంటేనే సిగ్గు. రేపు వెళ్లి అడుగు."

అడగడం. మూడుసార్లు అడిగించుకోవడమే తెలిసినదాన్ని, నాకై నేను వెళ్లి ఇవ్వండని అడగాలి. అడిగి లేదనిపించుకుంటే ఇంట్లో భృతీ ఉండదు, ఉద్యోగమూ ఉండదు, మూడు రోజుల జీతంతో ఇద్దరం ఈదాలి.

శుక్రవారం నేను వెళ్లేసరికి ఇల్జే గారు నోటీసు బోర్డు ముందు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో వంటావిడ కావలెనన్న కాగితం, ఇంకో చేతిలో గుండుసూది. నేను గబగబా వెళ్లి అడ్డం నిలబడ్డాను. మంగళవారం నేను వద్దన్నది నిజంగా వద్దని కాదని, మా వైపు మొదటిసారి వద్దనడం మర్యాదని చెప్పాను. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"మరి రెండోసారి?"

"రెండోసారీ వద్దంటామండి. మూడోసారి ఒప్పుకుంటాం."

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఏడు నెలలుగా ఈ ఆశ్రమంలో ఎవరినీ రెండోసారి టీ తాగుతారా అని అడగలేదని అప్పుడు గుర్తొచ్చిందేమో, ముఖం ఎర్రబడింది. సూదిని జాగ్రత్తగా బోర్డుకు గుచ్చి నావైపు తిరిగారు.

"డింప్నా గారూ, ఈ ఉద్యోగం మీకు కావాలా?"

అలవాటు పడిన నోరు అయ్యో అనబోయింది. పళ్లు బిగించాను.

"కావాలండి," అన్నాను. యాభై మూడేళ్లలో మూడోసారి దాకా ఆగకుండా ఆ మాట అనడం నాకదే మొదలు.

సోమవారం మలకీ నా ఉద్యోగం కాగితం పట్టుకెళ్లి భృతి ఆఫీసులో ఇచ్చొచ్చాడు. డబ్బు రాకపోయినా పేరు నమోదులో ఉంచుకుంటే రేపు పెన్షనుకు పనికొస్తుందని అక్కడి అమ్మాయి చెప్పిందట. ఇంట్లో వంట ఇప్పుడు ఆయనదే. అన్నీ ఉప్పుమయం, ఇరవై ఆరేళ్ల చెయ్యి కదా. నేను లొట్టలేసుకుంటూ తింటున్నాను. ఆశ్రమంలో నా సోడా రొట్టె చివరి ముక్క కోసం ఇద్దరు తొంభై ఏళ్ల పెద్దమనుషులు పోట్లాడుకున్నారు.

జీతం అందాక వచ్చిన మొదటి గురువారం, పనికి బయలుదేరుతూ ఒక కవరు బల్ల మీద పెట్టాను. పోస్టాఫీసు ఇచ్చినంతే, ఒక్క యూరో ఎక్కువ కాదు, తక్కువ కాదు. మలకీ గడ్డం గీసుకోలేదు. పాత స్వెట్టరులో కూర్చుని టీ కలుపుతున్నాడు.

"తీసుకో," అన్నాను.

"వద్దొద్దు. నాకెందుకు?"

"తీసుకో మలకీ."

"నీ కష్టార్జితం, నీ దగ్గరే ఉండనీ."

అప్పటికే ఆలస్యమైంది. ఇల్జే గారికి ఆలస్యం అస్సలు పడదు. గుమ్మం దాకా వెళ్లినదాన్ని తాళాలు చేతిలోనే పట్టుకుని వెనక్కొచ్చి, మూడోసారి అడిగాను.

మలకీ టీ చెంచా పక్కన పెట్టాడు. "సరే, నీ తృప్తి కోసం," అని కవరు అందుకుని లేచాడు. "ఇంతకీ నా కోటెక్కడ పెట్టావ్?"