తుడవని పళ్లెం

బాల్కనీ గట్టు మీది తెల్ల పళ్లెం తుడిచేశాక గానీ నాకు గుర్తు రాలేదు, దాన్ని తుడవకూడదని. అప్పటికే గుడ్డ నల్లబడింది. నా చెయ్యి నన్నడక్కుండానే పని చేసేసింది.

వారమంతా ఆ పళ్లెంలో పడ్డ దుమ్మును ఆదివారం పొద్దున కుంచెతో చిన్న సీసాలోకి దులపాలి. తారీఖు రాసి నోయిడాలోని ల్యాబ్‌కి తీసుకెళ్లాలి. పర్యావరణం చదివే విద్యార్థులకి స్టైపెండ్ ఇచ్చి వేసవిలో ఎనిమిది వారాలు చేయించే పరిశోధన అది. నలభై రెండేళ్ల నేనూ విద్యార్థినే, దూరవిద్యలో ఎమ్మెస్సీ రెండో ఏడు. సెలెక్టయ్యానని చెప్పినప్పుడు మా ఆయన సిలాసు నవ్వారు. "దుమ్ము ఎత్తినందుకు జీతమా ఫ్లోరా? ఇరవయ్యేళ్లుగా నువ్వు చేస్తున్నదేగా." సరదాకే అన్నారు. నిజమే, చేస్తున్నదే. ఇన్నాళ్లూ దానిమీద ఎవరూ తారీఖు రాయలేదు, అంతే.

ల్యాబ్‌లో మాకు పని చెప్పే కావేరి నాకంటే పదేళ్లు చిన్నది, గుంటూరమ్మాయి. తలొంచుకుని తప్పు చెప్పాను. "ఒక వారం పోతే పర్లేదు దీదీ. రెండోసారి పోతే మాత్రం మీ బాల్కనీని తీసెయ్యాలి. అంటే మిమ్మల్ని కూడా," అంది. నా మొహం చూసి జాలేసిందేమో, మా పక్క వీధి నుంచి ఇంకో విద్యార్థిని తెచ్చిన దుమ్మును మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమంది.

చూశాను. పగిలిన గాజులా మెరుస్తున్నది రాజస్థాన్ ఇసుకట. నల్లపూసల్లా అంటుకున్నది బండ్ల పొగట. ముళ్లబంతిలా పచ్చగా ఉన్నది ఏదో చెట్టు పుప్పొడి. ఇవన్నీ అంతంత దూరాలు ఎగిరొచ్చి మా గట్టు మీద వాలుతున్నాయా అనుకున్నాను. తిరిగి ఇందిరాపురంలో మా ఇంటికి వస్తుంటే ఆటోలోకి పడుతున్న ఎండలో గాలి నిండా ప్రయాణికులే కనిపించారు. నేనూ అలా బాపట్ల నుంచి ఎగిరొచ్చి ఇక్కడ వాలినదాన్నే. నన్ను ఏ అద్దం కిందా పెట్టి ఎవరూ చూడలేదు. చూస్తే నాలోనూ ఏదో ఒకటి మెరిసేదేమో. ఒళ్లు తేలికైపోయి, దిగాల్సిన గేటు దాటిపోయాను.

అయిదో వారం శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. పొద్దుట్నుంచీ పులిహోర, టీ, అద్దెకు తెచ్చిన ఇరవై కుర్చీలు, అన్నీ నా చేతిమీదే. మా అత్తయ్య బాల్కనీ తలుపు దగ్గర ఆగిపోయారు.

"ఆ మురికి పళ్లెం అందరికీ కనబడుద్ది. కోడలు ఇల్లు తుడవదు అనుకోరూ పాస్టరమ్మగారు?"

"రెహ్నే దో న నానమ్మా, ఉండనీ. మమ్మీ కా ప్రాజెక్ట్ హై," అంది మా అమ్మాయి ఎల్సా ఫోన్లోంచి తలెత్తకుండా.

"ప్రాజెక్టంట. మా రోజుల్లో దాన్ని బద్ధకం అనేవాళ్లం."

సిలాసు తడిగుడ్డ తెచ్చారు. "ఇప్పటికి తుడిచేసి రేపు మళ్లీ పెట్టుకో. ఒక్క పళ్లేనికి కొంపలేం మునగవు."

గుడ్డ నా చేతికిచ్చారు. నేనే తుడవాలన్నమాట.

నా వేళ్లు అలవాటుగా గుడ్డను మడత పెట్టేశాయి. పళ్లెం వైపు చూశాను. వాలుతున్న ఎండలో ఆరు రోజుల దుమ్ము సన్నగా, బంగారు పొడిలా మెరుస్తోంది. ఒక్కసారి చెయ్యి తిప్పితే ఆ పొడీ పోతుంది, నేనూ పోతాను. మళ్లీ ఇరవయ్యేళ్లు ఈ గుడ్డే.

గుడ్డను తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

"కుర్చీలకి కూడా దుమ్ముందండీ. వాటిని తుడవండి."

"నేనా?" అన్నారు ఆయన.

ఒక కుర్చీ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాను. దాన్ని తుడవకుండానే పళ్లెం పక్కన వేసుకుని కూర్చున్నాను. లోపల కుర్చీల మీద గుడ్డ రుద్దుతున్న చప్పుడు, పక్కనే అత్తయ్య గొణుగుడు. గాలిలో ఏవేవో మెల్లగా దిగుతున్నాయి, కొన్ని పళ్లెంలోకి, కొన్ని నా ఒళ్లోకి.

పాస్టరమ్మగారు వచ్చి బాల్కనీలోకి తొంగి చూశారు. "వందనాలమ్మా ఫ్లోరా. అందరూ వస్తున్నారు, ఊరికే కూర్చున్నావేంటి ఇక్కడ?"

"వందనాలండీ," అన్నాను లేవకుండానే. "పనిలో ఉన్నాను."