విప్పని తెప్ప

ఎర్రరేవు దీపస్తంభం ఎంత ఎత్తని ఉద్దానంలో ఎవర్నడిగినా సరైన కొలత చెప్పరు. పైకెగిరే కాకి సగంలో ఒకసారి వాలి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎగరాలంటారు కొందరు. కట్టిన మేస్త్రీ పైనుంచి సుత్తి జారవిడిస్తే అది నేలకు చేరేలోపు ఆయన కొడుక్కి పెళ్లయిందంటారు ఇంకొందరు. పక్కన కొత్త ఇనుప స్తంభం లేచాక పాతదాన్ని ఆర్పేసి, అడుగున మ్యూజియం పెట్టారు. చివరి మెట్టు దాకా ఎక్కినవాళ్లు తక్కువ, ఎక్కామని చెప్పుకునేవాళ్లు ఎక్కువ.

కూర్మయ్య ఎక్కడానికి రాలేదు. తన తెప్పను విప్పడానికి వచ్చాడు.

ఫైబర్ పడవ కొన్నాక ఇసుకలో పడున్న పాత దుంగల్ని మ్యూజియం వాళ్లు అడిగితే, పొయ్యిలో పెట్టేకన్నా నయమని ఇచ్చేశాడు. ఇచ్చింది దుంగల్ని, తెప్పను కాదు. చేపల వేట నుంచి రాగానే తాళ్లు విప్పి దుంగల్ని వేటికవిగా ఒడ్డున ఆరబెట్టడం జాలర్ల పద్ధతి. పీల్చుకున్న నీళ్లు ఆరి దుంగ తేలికపడాలని మగవాళ్లు చెబుతారు. ఆడవాళ్లు చెప్పేది వేరు. ఒడ్డున తెప్ప కట్టి ఉందంటే అది ఇంకా నీటి మీద ఉన్నట్టే, దాని మనిషి ఒడ్డెక్కనట్టే.

పలాసలో చదువుకుంటున్న కూతురు కళ్యాణి కాలేజీ పిల్లలతో ఇక్కడికొచ్చి, "మన తెప్పే నాన్నా!" అని ఫోటో పంపింది. అందులో దుంగల్ని నీలం నైలాన్ తాడుతో బిగించి కట్టేశారు. ఆ వారంలోనే, గుజరాత్ వైపు వేటకెళ్లిన కొడుకు ప్రకాష్ ఎక్కిన పడవ గాలివానలో కనిపించకుండా పోయింది. వెతుకుతున్నాం అంటున్నారు. అప్పటినుంచి కూర్మయ్యకు ఆ తాడు కంట్లో నలుసైంది.

భార్య నారాయణమ్మ వెంట వచ్చింది గానీ, ఆటో కవిటి దాటినప్పటినుంచీ ఒకటే పాట.

"ఇప్పొద్దయ్యా. కట్టున్నంతసేపూ మన గుంటడు నీల్ల మీదున్నాడు. ఇప్పేత్తే ఒడ్డుకొత్తాడు. ఎలాగొత్తాడో నీకు తెలుసేటి?"

"ఎలాగేటి? కాల్ల మీదొత్తాడు," అన్నాడు కూర్మయ్య.

మ్యూజియానికి టిక్కెట్టిచ్చేదీ, నేల తుడిచేదీ, కథలు చెప్పేదీ ఒక్కడే. కాశీబుగ్గ నుంచి వచ్చిన రవికుమార్. ఎవరొచ్చినా వరస కలిపి పిలుస్తాడు.

"రా మావా, రా! దీపం గాజు సూత్తారా? అందులో మనిసి తలకిందులుగా కనిపిత్తాడు. మా ఆవిడ నన్ను అందులో సూసి, ఇప్పటికి బాగున్నావంది."

"తెప్ప సూత్తాం అల్లుడూ."

రవికుమార్ ముఖంలో నవ్వు పోయింది. "ఆ గది పొద్దున్నే తుడిసాను. మల్లీ తడిసుంటాది. జారతారు, జాగర్త."

"వానల్నేవు కదా?" అన్నాడు కూర్మయ్య.

"నేవు. పైకప్పు కారతందనేసి ఎల్లిపోయారు మా ఆఫీసు పెద్దాయన. కారే నీరు ఉప్పగుంటాదేటి మావా? నాను నాలిక మీదేసుకు సూసాను."

కిటికీ లేని గుండ్రటి గది. గోడకు తుప్పు పట్టిన నూనె దీపాలు, మూలన పగిలిన గాజు. మధ్యలో తెప్ప. దాని కింద నీరు సన్నగా పాకుతోంది. తాడు నీలంది కాదు. కొబ్బరి పీచు తాడు, అప్పుడే నీట్లోంచి తీసినట్టు నల్లగా ఉబ్బి ఉంది.

"మేం కట్టింది ఇది కాదు మావా," గుమ్మం దగ్గరే ఆగిపోయి అన్నాడు రవికుమార్. "ఎవుడు మార్సాడో తెల్దు. తాళాలు నా దగ్గిరే ఉంటాయి."

కూర్మయ్య వంగి ముడి చూశాడు. అవతలివైపు నుంచి తిప్పి వేసిన ముడి. ప్రకాష్‌ది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎంత తిట్టినా ముడి అలాగే వేసేవాడు. కూర్మయ్య తలెత్తేసరికి నారాయణమ్మ కూడా దాన్నే చూస్తోంది.

"ముట్టకూడదని బోర్డుంది," రవికుమార్ గొణిగాడు. "నాను టీకెల్తన్నాను. మీరేం సేసినా ఆ బోర్డుకే సెప్పుకోండి."

అతను వెళ్లగానే నారాయణమ్మ మొగుడి మణికట్టు పట్టుకుంది. "ఆడే కట్టుకున్నాడు. ఎక్కడో దీన్ని పట్టుకునే తేల్తన్నాడు. కన్నకొడుకు కాల్ల కింద దుంగ లాగేత్తావేటయ్యా?"

కూర్మయ్య రెండో అరచెయ్యి దుంగ మీద ఆన్చాడు. దుంగ కదిలింది. నేల మీది వస్తువు కదిలినట్టు కాదు. అల కింద నుంచి ఎత్తి, మెల్లగా దించినట్టు.

"ముడి సూడే," అన్నాడు. "ఎంత వదులుగా ఏసాడో. సేతుల్లో సత్తువ నేదు. గుంటడు అలిసిపోయాడే. ఇంకెన్నాల్లు తేల్తాడు?"

ఆమె మణికట్టు వదిలింది. కూర్మయ్య తెప్ప ముందువైపు తాడు విప్పాడు. ఆడది తెప్ప తాడు ముట్టడం వాళ్ల ఇంటావంటా లేదు. అయినా వెనకవైపు తాడు నారాయణమ్మే విప్పింది.

దుంగలు మూలిగి విడిపోయాయి. ఇంతసేపూ గదిలో సముద్రపు హోరు ఉందని వాళ్లకు తెలిసింది అది ఆగిపోయాకే.

దుంగల పక్కన పొడి నేల మీద ఒక తడి అడుగు పడింది. వేళ్లు గుమ్మం వైపు. దాని ముందు ఇంకొకటి. చప్పుడు లేదు.

కూర్మయ్య నోరు తెరిచాడు. ఆ నోటికి నారాయణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎనక్కి పిలవకు. ఇంటికెల్తన్నాడు."

అడుగులు టిక్కెట్ల బల్ల దాటాయి. టీ గ్లాసుతో ఎదురొచ్చిన రవికుమార్ వాటిని చూసి, మనిషికి దారిచ్చినట్టే గోడకు అతుక్కుని నిలబడ్డాడు. టిక్కెట్టు మాత్రం అడగలేదు.

బయట ఎండకు ఇసుక మండుతోంది. అడుగులు ఆరలేదు. వాటిని తొక్కకుండా భార్యాభర్తలు చెరో పక్కన నడిచారు. మధ్యలో నీడ ఉందో లేదో చూసే ధైర్యం కూర్మయ్యకు చాలలేదు.

ఆటోలో నారాయణమ్మ ఒక చివరికి, కూర్మయ్య ఇంకో చివరికి ఒదిగి కూర్చున్నారు. ఇద్దరూ ఎక్కాక ఆటో ఇంకొకసారి కిందికి కుంగింది.

"ఆకలేత్తందేటి నాయినా?" అంది నారాయణమ్మ, తల తిప్పకుండానే. "ఎల్లగానే వండేత్తాను."

ఆటో కదిలింది. కూర్మయ్య రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఖాళీ చోటు వైపున్న అతని మోకాలు మెల్లగా తడవసాగింది.