మింగిన బిళ్ళ, ఆపిన బిళ్ళ

నేను ఒక రబ్బరు బిళ్ళను. అరచేతిలో పట్టేంత వెడల్పు, బొటనవేలి కణుపంత మందం, రంగులో బొగ్గుకి మేనమామని. నన్ను చూసి పచ్చడి జాడీ మూత అనుకున్నవాళ్ళున్నారు. పంక్చర్ షాపాయన ఒకడు కోసి వాషర్లు చేస్తానని కత్తి కూడా నూరాడు. నా అసలు పని మంచు మీద జారడం. ఐస్ హాకీలో బంతి ఉండదు, బంతి బదులు నేనుంటాను. కాళ్ళకి కత్తులు కట్టుకున్న పెద్దమనుషులు వంకర కర్రలు పట్టుకుని నా వెంట పడతారు. దొరికితే నన్ను, దొరక్కపోతే ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటారు.

ఎక్కడ పుట్టానో అడక్కండి. వీపు మీది అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఎవరో విదేశీ ఆటగాళ్ళ సంచిలో పడి లేహ్ చేరాను. అక్కడ చలికాలం చెరువు మొత్తం గడ్డకడుతుంది. ఆటకి ముందు నన్ను బకెట్టెడు మంచులో పాతిపెట్టేవారు. వెచ్చగా ఉంటే నేను గెంతుతాను, చల్లబడితే బుద్ధిగా జారతాను. ఆ జారడం ఎలా ఉంటుందంటే, కింద నేల ఉందన్న సంగతే మర్చిపోతాం. మూడు చలికాలాల్లో తొమ్మిది పళ్ళు రాలగొట్టానని చెప్పుకుంటూ ఉంటాను. అందులో రెండు నిజం.

నూకరాజు చేతికి నేను చిక్కింది అక్కడే. కాకినాడ మనిషి, సైన్యంలో లారీ డ్రైవరు. స్కేట్లు కట్టుకుంటే నిలబడగలడు, కదల్లేడు. కదలనివాడు గోలుకి అడ్డంగా పనికొస్తాడని అక్కడ నిలబెట్టారు. ఫైనల్లో ఆఖరి నిమిషం. అవతలి జట్టులో స్టాంజిన్ అనే లడాఖీ కుర్రాడు నన్ను కొట్టిన దెబ్బకి గాలి చీలింది. వెళ్ళి నూకరాజు ఎదురొమ్ముకి తగిలి అతని స్వెట్టర్లో ఇరుక్కున్నాను. జట్టు గెలిచింది. మేజరుగారు నన్ను అతని చేతిలో పెట్టి, "ఇది నీది" అన్నారు.

అంతే, మంచు మీద అదే నాకు ఆఖరు.

నూకరాజు సర్వీసు ముగించుకొచ్చి కాకినాడలో ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరాడు. నన్ను అక్కడి ఆపరేటరు గదిలో టీవీ పక్క గూట్లో నిలబెట్టాడు. విధి వెటకారం చూడండి. కిటికీ అవతల ఉప్పునీళ్ళ ట్యాంకులో రోజూ వందల ఐసు దిమ్మలు తయారవుతాయి, చేపల పడవలకి పోతాయి. నేను మాత్రం ఇవతల గూట్లో ఉక్కపోతలో కూర్చుని చూస్తూ ఉంటాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నూకరాజు ఫోను టీవీకి కలిపి, విదేశాల ఐస్ హాకీ పోటీల హైలైట్లు పెట్టేవాడు. ఐసు కొట్టే మిషను దగ్గర పనిచేసే బుల్లియ్య, ఐసు కోసం వచ్చే చేపల వ్యాపారం దానమ్మ, ఇద్దరూ అభిమానులైపోయారు. వాళ్ళ దేవుడు లెహ్తో అనే గోల్‌కీపరు. ఆ పేరు నోరు తిరక్క దానమ్మ అతన్ని "లేతోడు" చేసింది. లేతోడికి ముప్పైతొమ్మిదేళ్ళు.

"ఈ వయసులో ఆ గెంతుడేంటి అన్నయ్యా? ఈడేదో తింటన్నాడు," అందొకరోజు.

"చేపలు తింటాడు," అన్నాడు బుల్లియ్య. "నీ దగ్గర కొన్నయి కాదు కాబట్టి బతికున్నాడు."

వారం తిరక్కుండా ఆ అనుమానమే టీవీలోకి వచ్చింది. ఆటగాళ్ళకి చేసే డోపింగ్ పరీక్షలో లెహ్తో ఒంట్లో ఏదో మందు తేలిందంటున్నారు, అతను కాదంటున్నాడు. ఇంగ్లీషు వార్తని నూకరాజు తెలుగులో చెబుతున్నాడు.

"మందు కొట్టాడా?" అన్నాడు బుల్లియ్య. "మా మేస్త్రీ రోజూ కొడతాడు, ఒక్క గోలూ ఆపలేడు."

"ఆ మందు కాదురా. బిళ్ళ."

"బిళ్ళతో ఆడేవోడు బిళ్ళ మింగితే తప్పేంటి బావా?"

"తప్పే," అంది దానమ్మ. "చెరువులో మందేత్తే రొయ్యల కంటైనరు ఇదేశాల నించి వెనక్కొచ్చేత్తాది. రొయ్యకో నాయం, మడిసికో నాయమా?"

నూకరాజు వార్త చదువుతూ చదువుతూ బిళ్ళ పేరు దగ్గర ఆగిపోయాడు. టీవీ కట్టేశాడు.

"నేనూ మింగాన్రా," అన్నాడు. "ఫైనల్ రోజు పొద్దున్న. సెలవు నుంచి తిరిగెళ్ళిన రెండోరోజు. అంత ఎత్తులో గాలి పట్టక తల పగిలిపోతుంటే మెడికల్ అతను ఇచ్చాడు. ఆ పేరే. ఆటగాళ్ళు వేసుకోకూడదంట."

"అదేం చేత్తాది?"

"ఒంట్లో నీళ్ళు లాగేసి మూత్రం ఎక్కువ రప్పిస్తుంది."

"మాత్రకి మూత్రమొస్తే గోలెలా ఆగింది బావా? తొందరగా ఎల్లాలని ఆపేశావా?"

"నవ్వకురా," అంది దానమ్మ. "ఆయన కంటైనరు వెనక్కొచ్చేసింది."

ఆ మాట నూకరాజుకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అతను నలభై ఏళ్ళు పని చేశాడు. లారీ బాగా నడిపావని ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఐసు బాగా గడ్డకట్టిందనీ కొట్టలేదు. కొట్టింది ఆ ఒక్కరోజే. దానికి సాక్ష్యం నేనొక్కదాన్నే. నన్ను తీసి గ్రీజు గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో పడేశాడు. మూడోరోజు బయటికి తీసి, అట్టపెట్టెలో పెట్టి, పైన స్టాంజిన్ పేరు రాశాడు. "ఇది వాడికి చెందాలి," అన్నాడు.

నిజం చెబుతున్నాను, నా గుండె ఎగిరి గంతేసింది. లేహ్! చెరువు! అతను ఎంత కుమిలితే నేను మంచుకి అంత దగ్గరవుతున్నాను. యజమాని బాధపడుతుంటే సంతోషించే గుణం నాకు మనుషుల దగ్గరే అబ్బింది.

పంపే ముందు స్టాంజిన్‌కి ఫోను చేశాడు. స్టాంజిన్ ఇప్పుడు లేహ్‌లో రొట్టెల దుకాణం నడుపుతున్నాడు. నూకరాజు స్పీకరు పెట్టి హిందీలో అంతా చెప్పుకున్నాడు. అవతల చాలాసేపు నవ్వు.

"నూకా భాయ్, నువ్వు మింగిన ఆ బిళ్ళకీ, గోలు ఆగడానికీ సంబంధం లేదు. నేను ఎడమ మూలకి కొట్టబోయాను, కాలు జారింది. రబ్బరు బిళ్ళ నీకొచ్చి తగిలింది. నువ్వు కళ్ళు మూసుకుని నిలబడ్డావు. మా జట్టంతా చూసింది."

నాకు ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. ఎదురుగా వచ్చింది నేనే కదా. కానీ గూట్లో కూర్చోబెట్టి రోజూ తుడిచేవాడితో ఆ మాట ఎలా చెప్పను?

"పంపకు," అన్నాడు స్టాంజిన్. "ఈ ఏడు చెరువు సరిగ్గా గడ్డకట్టలేదు. ఇక్కడికొచ్చినా అది గూట్లోనే కూర్చోవాలి."

ఆ మాటతో నేను చల్లబడ్డాను. మంచు లేకుండా చల్లబడటం అదే మొదటిసారి.

మర్నాడు బంగాళాఖాతంలో అల్పపీడనం. పడవలు కదల్లేదు. తీసిన దిమ్మలు ప్లాట్‌ఫారం మీద నీళ్ళు కారుతూ పడున్నాయి. నూకరాజు వాటిని చూసి, "పక్కపక్కన పేర్చరా," అన్నాడు. ఇరవై దిమ్మలు రెండు వరసలుగా పేర్చారు. ఒక చివర రెండు చేపల ట్రేలు గోలు. వాటి మధ్య, అరవై రెండేళ్ళ మనిషి, రబ్బరు బూట్లతో. ఇంకో చివర బుల్లియ్య, చీపురు కర్రతో.

"బీపీ బిళ్ళ ఏసుకున్నావా బావా?"

"లేదు. ఆట అయ్యాక వేసుకుంటా. ముందు ఏ బిళ్ళా లేదు."

"రాసుకో దానమ్మా, శాంపిలు శుద్ధం," అన్నాడు బుల్లియ్య. నన్ను ఐసు పొడిలో కాసేపు పాతిపెట్టి, తీసి కొట్టాడు.

జారాను. దిమ్మకీ దిమ్మకీ మధ్య అతుకుల దగ్గర గతుక్కుమంటూ, ఉప్పు వాసనలో, అమ్మోనియా ఘాటులో. పది అడుగులుంటుందేమో. ఇన్నేళ్ళూ తలచుకున్నదంతా ఆ పది అడుగుల్లో నా కిందినుంచి వెళ్ళిపోయింది.

నూకరాజు కళ్ళు మూసుకోలేదు. పెద్దవి చేసి నన్నే చూస్తున్నాడు. చెయ్యి చాపాడు, మోకాలు వంచాడు, ఆలస్యమైంది. అతని రెండు బూట్ల మధ్యనుంచి దూరి ట్రేలు దాటి, వెనకనున్న డ్రమ్ముకి తగిలి ఆగాను. గోలు.

దానమ్మ చప్పట్లు కొట్టబోయి, ఎవరికి కొట్టాలో తెలీక ఆగింది.

"చూశాన్రా," అన్నాడు నూకరాజు. ఐసు మీద కూలబడి నవ్వుతున్నాడు. "వెళ్ళిపోవడం చూశాను. ఇంకోసారి కొట్టు."

పదిహేడుసార్లు కొట్టించాడు. ఎన్ని ఆపాడో చెబితే మీరు నమ్మరు, అందుకని చెప్పను. సాయంత్రానికి దిమ్మలు కరిగి నా చుట్టూ చిన్న మడుగు మిగిలింది. అతను నన్ను పంచె చెంగుతో తుడిచి, బీపీ బిళ్ళ వేసుకుని, మళ్ళీ టీవీ పక్కన పెట్టాడు.

లేతోడి సంగతి ఇంకా తేలలేదు. మధ్యాహ్నాలు వాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. నేను వాళ్ళవైపు చూడను. కిటికీవైపు, అవతలి ఐసువైపు తిరిగి ఉంటాను. ఎవరు తుడిచినా నన్ను అటే తిప్పి పెట్టమని నూకరాజు అందరికీ చెప్పాడు.