కాలువ అవతలి అంచు

ఆ వీధి తుంగచాపకు పేరైతే ఉంది గానీ, ఆ పేరుకు కాపలా లేదు. కాలువ అవతల వెలిసిన ఫ్యాక్టరీ ప్లాస్టిక్ చాపల మీద అదే పేరు అచ్చేసి అమ్ముతుంటే నేతగాళ్లు ఎన్నాళ్లని నోరు మూసుకుంటారు? అందరూ కలిసి భౌగోళిక గుర్తింపుకు దరఖాస్తు పెట్టారు. అది వచ్చిందంటే, గీసిన హద్దు లోపల తయారైన చాపకే ఆ పేరు చెల్లుతుంది. హద్దు కాలువ దగ్గర గీశారు. ఫ్యాక్టరీ పీడ విరగడైందనుకున్నారు.

ఫ్యాక్టరీతోపాటు నేతగాళ్ల సంఘం పెద్దకు తోబుట్టువైన అక్క కూడా హద్దు అవతల పడింది. ఆవిడ కాపురం ఆ ఒడ్డునే. వీధిలో ఒక కట్టడి ఉంది, నేసినవాడు తన చాపకు తానే అంచు కట్టుకోకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఎవడి తప్పు వాడికి కనపడదు. అందుకని చాపలన్నీ వంతెన దాటి ఆవిడ వసారాలోకి వెళతాయి. ఆవిడ ప్రతి వరసా వేళ్లతో తడిమి, వంకరుంటే విప్పి సరిచేసి, అప్పుడు అంచు ముడి వేసి పంపుతుంది. వాళ్లమ్మ దగ్గర ఆ ముడి నేర్చుకున్నది ఆవిడొక్కతే. చాప ప్రత్యేకత ఆ ముడేనని దరఖాస్తులో రాయించింది సంఘం పెద్ద అయిన ఈ తమ్ముడే. సంతకం పెడుతున్నప్పుడు అక్క గుర్తుకు రాకపోలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు మహానుభావుడు.

తనిఖీకి వచ్చిన అధికారిణి మర్యాదస్తురాలు. మగ్గం చూసింది, తుంగ నానబెట్టిన తొట్టి చూసింది.

"అన్నీ బాగున్నాయండీ. ఆ అంచు ముడి వేయడం ఒకసారి చూపిస్తారా?"

వీధి వీధంతా సంఘం పెద్ద ముఖంలోకి చూసింది. అక్క కడుతుందని చెబితే హద్దు అటు జరపాలి, వెనకే ఫ్యాక్టరీ దూరుతుంది. కట్టేవాళ్లు లేరంటే దరఖాస్తే మూలపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్కనే ఈ ఒడ్డుకు పిలిపిద్దామన్న ఊహ ఆ గాభరాలో ఎవరికీ తట్టలేదు.

"నేనే కడతానండీ," అన్నాడు.

"నీకెప్పుడొచ్చింది బావా?" పక్కింటి నేతగాడు చెవిలో గొణిగాడు.

"నువ్వూరుకో."

చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని చూసిందేదో గుర్తు చేసుకుంటూ మొదలుపెట్టాడు. కింద నుంచి పోవాల్సిన పోగు పైనుంచి పోయింది. చివరికి ఏదో ముడి పడింది. అధికారిణి దాన్ని దగ్గరగా ఫొటోలు తీసుకుంది.

"ఇకమీదట ఇదే నమూనా. అంచు ఇలా లేకపోతే నకిలీ కింద లెక్క," అంది.

గుర్తింపు వచ్చింది. వీధంతా మిఠాయి పంచుకుంటుంటే అతను మాత్రం తన వంతు పక్కన పెట్టేశాడు. తను అంచు కట్టిన ఆ నమూనా చాపను చంకన పెట్టుకుని వంతెన దాటాడు.

అక్క చాపను ఒళ్లో వేసుకుని అంచు తడిమింది.

"ఎవరు కట్టార్రా దీన్ని?"

"నేనే అక్కా." హద్దు దగ్గర్నుంచి ఫొటోల దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. "తిట్టు. కొట్టినా పడతాను."

"అంటే ఇన్నాళ్లూ నేను కట్టిందంతా నకిలీ అన్నమాట." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ బాధ చూడలేక అతను తల దించుకున్నాడు.

ఆవిడే పక్కకు జరిగి చోటిచ్చింది. "సరే, కూర్చో. అంతమంది పొట్ట కొట్టలేం కదా. రేపట్నుంచి మీ ఒడ్డుకే వచ్చి కడతాను. నీ ముడేదో నాకు నేర్పు."

అతను పోగు చేతిలోకి తీసుకున్నాడు. మొదటి మెలిక పడింది. రెండోది ఎటు తిప్పాడో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. అక్క ఓపిగ్గా అతని వేళ్లకేసే చూస్తూ కూర్చుంది.