ఎర్రబడిన బంగారం

మా బాపుకు బంగారంలో ఎరుపు కనబడితే పడదు. వరంగల్ చౌరస్తాలో మాది బంగారం, వెండి దుకాణం. ఎవరైనా నగ తెస్తే దాన్ని గీటురాయి మీద గీసేవాడు. ఆ గీత రవ్వంత ఎర్రగా కనిపించినా చాలు, నగను మెల్లగా వెనక్కి జరిపి "రాగి కలిసింది" అనేవాడు. ఆ మాట మీద ఇక బేరం ఉండదు. పాండురంగం సేటు చెప్పిండంటే చెప్పినట్టేనని అటు రఘునాథపల్లి నుంచి ఇటు మరిపెడ దాకా రైతులు అనుకునేవాళ్లు.

అటువంటి మనిషి ముందు నిలబడి, 1984 ఫిబ్రవరిలో, ఆయన ఒక్కగానొక్క బిడ్డ రాజేశ్వరి, అంటే నేను, "బాపూ, నాకు జరంత బంగారం కావాలె. దాన్ని ఎర్రగ చేస్త" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నకిలీ గాజులు తెచ్చిన మనిషిని కూడా అట్లా చూడలేదు.

నేనప్పుడు హన్మకొండలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ రీసెర్చ్ చేస్తున్నాను. బంగారాన్ని తలవెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతుగా, అంత చిన్న రేణువులుగా చేస్తే, అవి నీళ్లలో తేలుతూ ఉండిపోతాయి. ఆ నీళ్లు పచ్చగా ఉండవు, ఎర్రగా ఉంటాయి. కలిసింది ఏమీ లేదు, అదే బంగారం. రేణువు చిన్నదైంది, అంతే. పై దేశాల్లో డాక్టర్లు ఆ రేణువుల సాయంతో ఒక్క చుక్కలో రోగాన్ని పట్టే పరీక్షలు తయారు చేస్తున్నారని ఆరు నెలలు ఆలస్యంగా మా లైబ్రరీకి వచ్చిన పత్రికలో చదివాను. చదివిన నాటి నుంచి నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను. బస్సు కండక్టర్‌కు కూడా చెప్పాను. ఆయన టికెట్ తీసుకోమన్నాడు.

మా ల్యాబులో విదేశీ బంగారు లవణం చిన్న సీసాడు ఉండేది. దానితో ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ ఎర్రటి నీళ్లు వచ్చాయి. ఆరోసారికి సీసా ఖాళీ. మళ్లీ తెప్పించాలంటే ఏడాది పడుతుందన్నారు. ఏడాది ఆగే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. అందుకే బాపు దగ్గరికి వచ్చాను.

 మూడో రోజు బాపు బీరువా తెరిచి, చనిపోయిన నాయనమ్మ గుండ్ల దండ తీసి, అందులోంచి కంది గింజంత గుండు ఒకటి ఊడదీశాడు. నా కళ్ల ముందే గీటురాయి మీద మూడుసార్లు గీశాడు.

"మీ నాయనమ్మది. ఇందుల రాగి పోగు లేదు. నీ నీళ్లు ఎట్లన్న రానీ, నా బంగారం మాత్రం అసల్" అన్నాడు.

మా నాయనమ్మదని చెప్పి ల్యాబులో అందరికీ చూపించాను. గాజు సామాన్లు కడిగే బక్కమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, గుండును కళ్లకద్దుకుని ఇచ్చింది. తర్వాత దాన్ని తేజాబులో కరిగించాను. బంగారం కరిగే ఆ ఆమ్లం పేరు బాపుకూ తెలుసు, వాళ్ల పనిలోనూ ఉంటుంది. వారం రోజులు తంటాలు పడి పసుపు రంగు ద్రావణం తయారు చేశాను. దాన్ని మరిగించి, నిమ్మపండు పులుపు నుంచి తీసే సిట్రేట్ పోశాను.

నీలంగా మారింది. మారి, నల్లటి మడ్డిలా అడుగున కూర్చుంది.

రెండోసారి చేశాను. అదే మడ్డి. మూడోసారీ అంతే. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చేతిలో ఉన్న నోటుబుక్కును బల్లకేసి కొట్టాను. ఆ చప్పుడుకు మా గైడ్ లక్ష్మీనారాయణ సార్ లోపలికి వచ్చారు. ఫ్లాస్కు ఎత్తి చూశారు.

"రాజేశ్వరీ, పాత సీసాతోని ఐదుసార్లు వచ్చింది. ఈ బంగారంతోని మూడుసార్లు పోయింది. మారింది బంగారం ఒక్కటే గదా. రాగి కలిసి ఉంటది. ఇండ్లల్ల ఉండే పాత నగలు అట్లనే ఉంటయి" అన్నారు.

ఆయన మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. లెక్క ప్రకారం చూస్తే అది నిజమే అనిపించింది. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే బాపుకు చెప్పేశాను.

ఆయన అరిస్తే బాగుండేది. అన్నం ముందు నుంచి లేచి, చేయి కడుక్కుని, గీటురాయిని చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బండ్లు వరసకట్టే రోజు, రైతుల చేతిలో డబ్బులాడే రోజు, దుకాణం షట్టర్ దించేసి నాతో రిక్షా ఎక్కాడు.

కొంత దూరం పోయాక అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది మందికి చెప్పుకుంట వస్తాన్న బిడ్డా, ఇది అసల్, ఇది నకల్ అని. నా ఇంట్ల బంగారమే నాకు తెల్వకపోతే ఇగ నేనెవ్వలకు చెప్పాలె? తప్పు నాదైతే రేపటి సంది గీటురాయి పట్ట."

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఎరుపు పిచ్చిలో పడి ఆయన జీవితాన్ని ఫ్లాస్కులో పోసి పొయ్యి మీద పెట్టాను.

ల్యాబులో సార్ లేచి కుర్చీ చూపించారు. బాపు కూర్చోలేదు. "మీ పని మీరు చెయ్యుండ్రి. నేను చూస్త" అన్నాడు. ద్రావణం ఇక ఒక్కసారికి సరిపడానే మిగిలింది. నేను అల్మారాలోంచి కడిగి బోర్లించిన ఫ్లాస్కు తీశాను.

"జర ఆగు" అని బాపు దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. లోపలి అంచు మీద వేలు పెట్టి రాసి, మేం వద్దనేలోపే ఆ వేలును నాలుకకు ఆనించాడు.

నా పై ప్రాణం పైనే పోయింది. "బాపూ, ఇది దుకాణం కాదు. ఇక్కడ విషాలుంటయి" అని గయ్యిమన్నాను.

ఆయన నా అరుపు పట్టించుకోలేదు. తేజాబులోంచి తీసిన నగ సరిగ్గా కడిగారో లేదో అట్లా నాలుకతో చూసుకోవడం ఆయనకు చిన్నప్పటి అలవాటు.

"ఉప్పు" అన్నాడు. మళ్లీ నాలుక చప్పరించి, "చింతపండు గూడ" అన్నాడు.

సార్ నన్ను చూశారు. నేను తలుపు వైపు చూశాను. తలుపు దగ్గర బక్కమ్మ నిలబడి ఉంది.

"ఔ సేటు, నేనే తోమిన" అంది బక్కమ్మ. "ముసలమ్మ మెడల ఉన్న బంగారమాయె. గసొంటిది పోసే గిన్నెను సబ్బు పొడేసి ఎట్ల తోముత? శుక్రారం దీపాలు తోమినట్టు చింతపండు, ఉప్పు పెట్టి తోమిన. ఆఖర్న పొయ్యుమన్న బ్యాటరీ నీళ్లు గూడ పొయ్యలే. బంగారానికి బ్యాటరీ నీళ్లేంది అని మంచి నల్లా నీళ్లే పోసిన."

మూడుసార్లూ అట్లాగే కడిగిందట. విదేశీ సీసా ఉన్నన్నాళ్లూ సబ్బు పొడీ, స్వేదనజలమూ సరిపోయాయి. మా ఇంటి గుండు వచ్చేసరికి దానికి మర్యాద చెయ్యాలనిపించింది ఆమెకు.

నాకు నవ్వు ఆగలేదు. నా మీద నాకే నవ్వు. నీళ్లలో ఆ రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరంగా ఉంటాయి. ఉప్పు తగిలిందా, ఆ తోపు పోయి గుంపులుగా అతుక్కుని నీలమైపోతాయి. ఉప్పు తగలనివ్వకూడదని నా నోటుబుక్కు మొదటి పేజీలో నేనే రాసుకున్నాను. ఊరందరికీ పాఠం చెప్పిన దాన్ని, ఫ్లాస్కు ఎట్లా కడిగావని బక్కమ్మను ఒక్కమాట అడగలేదు.

"నా కొలువు పోతదా సార్?" అంది బక్కమ్మ.

సార్ నోరు తెరవకముందే బాపు అన్నాడు. "ఎందుకు పోతది? మా అమ్మ బంగారానికి మర్యాద చేసినవ్. కాకపోతే జర ఎక్కువ చేసినవ్. ఇగో, ఇప్పుడు గా బ్యాటరీ నీళ్లతోనే కడుగు."

బక్కమ్మ ఆ ఫ్లాస్కును స్వేదనజలంతో ఏడుసార్లు కడిగింది. నేను దగ్గరుండి లెక్కపెట్టాను. మిగిలిన పసుపు ద్రావణమంతా పోసి మరిగించాను. సిట్రేట్ పోశాను. 

పసుపు పోయింది. నీళ్లు తేటపడ్డాయి. తర్వాత మెల్లగా బూడిద రంగు తిరిగి, నల్లని నీలం కమ్ముకుంది. బాపు చేయి జేబులో ఉన్న రాయి మీదికి పోయింది.

"ఆగు బాపూ. ముందు గిట్లనే అయితది" అన్నాను. 

నీలం ఊదా అయింది. ఊదాలోంచి ఎరుపు పైకి లేచింది. ఒక్క నిమిషంలో ఫ్లాస్కంతా దానిమ్మ గింజ రంగు. కింద మడ్డి చుక్క లేదు. నేను బక్కమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేశాను. ఆనందం ఆపుకోవడం నాకు చేతకాదు.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సేటూ, తొందరపడి మాటన్న. మీ బంగారంల ఏ లోపం లేదు" అన్నారు. బాపు వింటున్నాడో లేదో తెలియదు. వంగి ఫ్లాస్కులోకే చూస్తున్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

నేను కొన్ని ఎర్రనీళ్లు గాజు గొట్టంలో పోసి, బక్కమ్మ చేతికి చిటికెడు ఉప్పిచ్చి వెయ్యమన్నాను. వేసింది. చూస్తుండగానే నీలమైంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"గింతే బక్కమ్మా, ఇందుల మాయ లేదు. రేపు దవాఖానల ఒక్క చుక్క రక్తం ఏస్తే, రోగం ఉన్నదా లేదా ఈ రంగే చెప్తది" అన్నాను.

"గట్లనా" అంది బక్కమ్మ. "అయితే నేను ఉప్పు పెట్టి తోమిన్నని ముందుగాల చెప్పింది గూడ ఈ రంగే."

ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది మా సారే.

పోయేటప్పుడు బాపు చిన్న సీసాడు ఎర్రనీళ్లు అడిగి తీసుకున్నాడు. సీసా కడిగి, మూతకు మైనం పెట్టింది బక్కమ్మే. ఆ మధ్యాహ్నమే దుకాణం షట్టర్ లేచింది. సీసా గీటురాయి పక్కన కూర్చుంది.

సాయంత్రం మిర్చి అమ్ముకుని వచ్చిన ఒక రైతు ఉంగరం తీసిచ్చాడు. బాపు రాయి మీద గీసి, ఉంగరాన్ని మెల్లగా వెనక్కి జరిపాడు.

"రాగి కలిసింది. గీత ఎర్రగున్నది."

ఆ రైతు సీసా వైపు వేలు చూపించాడు. "మరి గదేంది సేటు, గది గూడ ఎర్రగనే ఉన్నది?"

బాపు సీసాను వెలుగులోకి జరిపాడు.

"గది మా అమ్మ గుండు" అన్నాడు. "అసల్ బంగారం."