జూనోకు కార్డు లేదు

ఎనిమిదిన్నరకు వెర్నా హేనీ తేమను పీల్చే యంత్రం అడుగు నుంచి బకెట్టు లాగి, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని వెళ్లి, కోర్టు వెనక మెట్ల పక్కనున్న పూలపొదలో పారబోసింది. జూన్ వచ్చిందంటే వర్జీనియాలో ఏటి పక్క ఊళ్లలో గోడలకు కూడా చెమట పడుతుంది. ఆ యంత్రం ఒక్క పూట ఆగితే చాలు, రికార్డుల గదంతా బూజు వాసన. బకెట్టు మళ్లీ లోపలికి తోసి, మోకాళ్లు పట్టుకుని లేచింది. తడి చేతులు స్కర్టుకు తుడుచుకోబోయి ఆగి, రుమాలు తీసి వేలి సందుల్లో కూడా అద్దుకుంది. పాత కాగితాన్ని ముట్టుకునే చేయి పొడిగా ఉండాలి.

మంగళవారం. కిటికీ పక్క బల్ల ముందు కుర్చీని జానెడు వెనక్కి జరిపి పెట్టింది. కౌంటరు కింద నుంచి చెప్పుల అట్టపెట్టె తీసి ఆ బల్ల మీద ఉంచింది. అందులో లూషియస్ పెండ్రీ నోటుపుస్తకం, పెన్సిలు ఉంటాయి. తన ట్రక్కు పైకప్పు కారుతుందని ఆయన వాటిని ఇక్కడే వదిలి వెళ్తాడు. సరిగ్గా పదింటికి వస్తాడు. టోపీ తీసి, "ఏం వెర్నా గారూ, మా చచ్చినవాళ్లు కులాసాయేనా?" అంటాడు. "మిమ్మల్నే అడుగుతున్నారండీ" అంటుంది ఆమె. పదహారేళ్లుగా అదే మాట, అదే నవ్వు.

ఈ నాలుగేళ్లుగా ఆ నవ్వు మాత్రం ఆమె ముఖం మీద సరిగ్గా కూర్చోవడం లేదు.

వెర్నా ఇరవై రెండేళ్ల పిల్లగా ఇక్కడ చేరింది. చేరగానే పాత వీలునామాలన్నిటికీ పేర్ల కార్డులు రాసే పని ఆమె మీద పడింది. పెద్ద గుమాస్తా చెప్పింది ఒక్కటే ముక్క: "మనుషుల పేరు కనిపిస్తే కార్డు రాయి. మిగతావి వద్దు." ఆమె రాసింది. ఇంగ్లండు రాజుల కాలంలో ఏటి ఒడ్డున నాలుగు వేల ఎకరాలు పట్టా పుచ్చుకున్న కర్నల్ ఆంబ్రోస్ పెండ్రీకి రాసింది. ఆయన పిల్లలకూ, అల్లుళ్లకూ, సాక్షి సంతకాలు చేసిన వాళ్లకూ రాసింది. ఆయన శవపేటిక చేసిన వడ్రంగికి కూడా రాసింది. ఆవులకు రాయలేదు, పరుపులకు రాయలేదు. పరుపుకూ ఆవుకూ పక్కన రాసి ఉన్న బానిసలకు రాయలేదు. రాయాలా అని ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనే లేదు.

లూషియస్ ఆల్చిప్పల పడవ మీద పని మానేసిన ఏడాది మొదటిసారి వచ్చాడు. ఉప్పునీళ్లకు పగిలిన పెద్ద నల్లటి చేతులు కౌంటరు అంచున పెట్టి అడిగాడు. "మా ముత్తవ్వ చెప్పేది, మా వంశంలో మొదటావిడ పేరు జూనో అని. కర్నల్ గారి పొగాకు తోటలో బానిసగా ఉండేదట, మా ఇంటిపేరు కూడా ఆయనదే. కాస్త చూస్తారా?" వెర్నా సొరుగు లాగి చూసి, "జూనోకు కార్డు లేదండీ" అంది. వీలునామా పుస్తకాల పుటలు పెళుసు. కార్డు ఉంటేనే పుస్తకం బయటికి తీయాలన్నది ఈ గది నియమం. ఆయన వాదించలేదు. కార్డు అక్కర్లేని పుస్తకాలు, అంటే పన్నుల జాబితాలు, చర్చి బాప్తిజాలు, పొగాకు గోదాముల చిట్టాలు, ఒక్కొక్కటే మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవడం మొదలుపెట్టాడు.

తొమ్మిదిన్నరకు తలుపు బార్లా తెరుచుకుని అత్తరు వాసన ముందు వచ్చింది, వెనక కరోలైన్ బ్లేక్ వచ్చింది. పుట్టింటి పేరు పెండ్రీ. కర్నల్‌కు తొమ్మిదో తరం.

"ఏమిటి వెర్నా, ఇంకా ఇక్కడే ఉన్నావా? ఒకరోజు ఈ పుస్తకాలతో పాటు నిన్ను కూడా బైండు చేసి అరలో పెట్టేస్తారు, చూసుకో!"

"తోలు అట్ట వేస్తే సరేనండీ" అంది వెర్నా.

"వచ్చే శనివారం మా వాళ్లందరం కలుస్తున్నాం. ఈసారి నూటఇరవై మంది. టెక్సస్ నుంచి కూడా దిగుతున్నారు, ఒక్కడికీ తాత పేరు తెలీదు, తిండికి మాత్రం ముందుంటారు. కర్నల్ గారి వీలునామా కాపీ కావాలి. పోయినసారి తీశావే, అలాగే."

పోయినసారి. నాలుగేళ్ల కిందట. వెర్నా మూడో పుస్తకాన్ని పసిబిడ్డను దించినట్టు కాపీ యంత్రం గాజుపలక మీద దించి, రెండో పుట తెరిచింది. చేయి దానంతట అదే సొరుగులోకి వెళ్లి తెల్లకాగితం ముక్క తెచ్చింది. అప్పుడూ ఈ కొలతకే కత్తిరించింది. 'చిన్నపిల్లలు చదువుతారమ్మా, ఆ నాలుగు వరుసలూ ఎందుకు, అడ్డం పెట్టెయ్' అని ఈవిడ అంటే సరేనంది. అడ్డం పెడుతూనే ఆ వరుసలు చదివింది. *నా కూతురు లెటీషియాకు ఈకల పరుపు ఒకటి, చారల ఆవు, జూనో అనే పిల్ల, దానికి ఇకముందు పుట్టబోయే సంతానం.*

ఆ పక్క మంగళవారం లూషియస్ వచ్చాడు. ఆమె చెప్పలేదు. చెప్పాలంటే కార్డు ఎందుకు లేదో చెప్పాలి. వచ్చే వారం అనుకుంది. ఆ ఆగస్టులో ఆయన ఎప్పటిలాగే అంజీరపళ్ల జామ్ సీసా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఇంటికి తీసుకెళ్లి మూత తీసింది, నోట పెట్టుకోలేకపోయింది. అంతా తొట్టిలో పారబోసి, సీసా మెరిసేలా కడిగి తిరిగి ఇచ్చింది. "నచ్చిందా?" అంటే, "ఒక్క చుక్క మిగల్చలేదండీ" అంది. అలా నాలుగు ఆగస్టులు నాలుగు సీసాలు కడిగింది.

"ఏం చూస్తున్నావు, పెట్టు" అంది కరోలైన్.

వెర్నా కాగితం ముక్కను నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది.

"ఈసారి పుట పూర్తిగా తీస్తానండీ."

"నీకేమొచ్చింది ఇవాళ? పోయినసారి నువ్వేగా పెట్టావు!"

"నేనే పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది."

కరోలైన్ కాపీలు పట్టుకుని, వాటిని చూడకుండానే సంచిలో కుక్కుకుంది. "ఇంట్లో నాకూ కత్తెరుందిలే" అని వెళ్లిపోయింది. అత్తరు వాసన చాలాసేపు పోలేదు.

వెర్నా ఆ పుటకు ఇంకో కాపీ తీసింది. తర్వాత టైపు మిషనులో కొత్త కార్డు ఎక్కించింది. ఇంటిపేరు లేనివాళ్లకు సొరుగు లేదు. వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. చివరికి *పెండ్రీ, జూనో* అని కొట్టింది. పుస్తకం మూడు, పుట రెండు. ఆంబ్రోస్‌కూ లెటీషియాకూ మధ్యలో ఎన్నో కార్డులు ఉన్నాయి, వాటి నడుమ ఇరికించింది. సొరుగు మూసేసరికి పది కావడానికి అయిదు నిమిషాలుంది. ఇవాళ చెప్పేస్తుంది. 'లూషియస్ గారూ, కూర్చోండి' అని మొదలుపెట్టాలి. కాదు, కూర్చోమంటే కంగారుపడతాడు. 'లూషియస్ గారూ, తప్పు నాదండీ' అనాలి.

పదీ పావయింది. పదకొండయింది. ట్రక్కు మొరాయించి ఉంటుందనుకుంది. మధ్యాహ్నం కౌంటరు వెనకే నిలబడి, పందిమాంసం పెట్టిన రొట్టె సగం తిని, సగం కాగితంలో చుట్టేసింది. తలుపు చప్పుడైనప్పుడల్లా పెదవులు ఆ మాటకు సిద్ధమయ్యేవి. ఒకసారి పోస్టు మనిషి, ఒకసారి వాననీటి కాలువ తగాదా తాలూకు వకీలు.

రెండింటికి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఆసుపత్రి నర్సుల తెల్లబూట్లు. కిటికీ పక్క ఖాళీ కుర్చీనీ, దాని ముందున్న అట్టపెట్టెనూ చూసి, సరైన చోటికే వచ్చానన్నట్టు తలూపింది.

"హేనీ గారంటే మీరే కదండీ? నా పేరు ఎర్నెస్టీన్. లూషియస్ గారు మా మామయ్య." చేతిసంచి కౌంటరు మీద పెట్టింది. "శనివారం పోయాడండీ. వరండాలో వల కుట్టుకుంటూ. సూది చేతిలోనే ఉంది."

వెర్నా అనాల్సిన మాటలేవో అంది. ఏమందో ఆమెకే వినపడలేదు.

"ఆ నోటుపుస్తకం కోసం వచ్చాను. రేపు శవపేటికలో ఆయన చేతి కింద పెడదామని మా అమ్మ. మా ఇంట్లో అందరం ఏడిపించేవాళ్లం, మామయ్యా, ఆ కోర్టులో గుమాస్తా పిల్లను చూడ్డానికి కాదూ వెళ్తున్నావు అని." ఎర్నెస్టీన్ నవ్వబోయి, అట్టపెట్టె కౌంటరు మీదికి తెచ్చి పుస్తకం తెరిచింది. మొదటి పుటలో ఒక చెట్టు గీసి ఉంది. వేళ్లు, కొమ్మలు, పేర్లు, ప్రతి పేరు పక్కనా అది దొరికిన తేదీ. అన్నిటికన్నా పైన *జూనో* అని ఉంది. దాని పక్కన ఖాళీ. చెరిపి, రాసి, మళ్లీ చెరిపి అక్కడ కాగితం పలచబడింది.

"ఇది దొరకనే లేదన్నమాట" అంది ఎర్నెస్టీన్.

సొరుగు దగ్గరికి నాలుగు అడుగులు. వెర్నా కార్డు తీసి, కాపీతో కలిపి తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఎర్నెస్టీన్ పరుపు చదివింది, ఆవు చదివింది, అక్కడ ఆగింది. వేలు ఆ పేరు మీద పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఆయన రాసుకునేవాడు కదా. మీరే రాయండి, మీ చేతికి దొరికింది కాబట్టి. తేదీతో సహా."

పెన్సిలు తీసుకుని వెర్నా పుస్తకం మూడు, పుట రెండు అని రాసింది. తేదీ దగ్గర ఆగింది. ఇవాళ్టిది వేసేస్తే సరిపోతుంది. ఎదుటి మనిషి కళ్లు తుడుచుకుని, మేలు చేశారని చెప్పి వెళ్తుంది. పెన్సిలు కాగితానికి ఆనించి ఉంచింది. మొన నుంచి చిన్న నల్లచుక్క పడింది. ఆ చుక్క మీదే నాలుగేళ్ల కిందటి జూన్ తేదీ వేసింది.

ఎర్నెస్టీన్ చూసింది. పెదవులు కదిలాయి, లెక్కవేసుకుంటున్నట్టు.

"అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు."

"ఆయన ప్రతి వారం ఇక్కడే..."

"ఆ కుర్చీలోనే కూర్చునేవారు. అసలు మొదట కార్డు రాయనిది కూడా నేనే."

యంత్రం గురగురమంటూ తేమ లాగుతోంది. ఎర్నెస్టీన్ నోటుపుస్తకం మూసి, కాపీ అందులో మడిచి పెట్టుకుంది. కార్డును మాత్రం రెండు వేళ్లతో వెర్నా వైపు తోసింది.

"ఇది మీ సొరుగులోనే ఉండనివ్వండి. ఇంకెవరైనా వస్తారు."

తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ప్రతి ఆగస్టులో మొదటి సీసా మీకే తీసిపెట్టేవాడు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు."

తెల్లబూట్ల చప్పుడు వరండా చివరి దాకా వినపడి, ఆగిపోయింది. వెర్నా కార్డు తీసుకెళ్లి సొరుగులో పెట్టింది. తిరిగి వచ్చి కుర్చీని బల్ల కిందికి తోయబోయి, తోయలేక అలాగే వదిలేసింది. కౌంటరు మీద ఆయన పెన్సిలు ఉండిపోయింది. చాకుతో చెక్కిన మొన, వెనక కొసన పంటిగాట్లు, మధ్యలో ఇంకా రెండంగుళాలు, రాసుకోవడానికి.